అవ్వ కట్టిన కాపు

మా అన్న కూతురు మేనక కన్యాకుమారి నుంచి కాశ్మీరానికి సైకిల్ మీద ఒంటరిగా పోతోందని చెబితే మా వీధిలో ఒక్కరూ నమ్మలేదు. ఎదురింటి జెసింత అయితే "మోటారు సైకిలా విజీ?" అని అడిగిందే అడిగింది. కాదమ్మా తల్లీ, కాళ్ళతో తొక్కేదే అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. అందుకే ఆ సాయంత్రం సత్తువాచారిలో మా ఇంటి ముందు అది దిగగానే లోపలికి రానివ్వకుండా కాసేపు వాకిట్లోనే నిలబెట్టాను. చూడండమ్మా, కళ్ళారా చూడండి, నా మేనకోడల్ని!

పిల్ల ముఖం మాత్రం మాడిన పెనంలా ఉంది. వైశాఖమాసం వేలూరు ఎండలో కాకులే నీడ వదిలి రావు, ఇది తిరువణ్ణామలై నుంచి తొక్కుకుంటూ వచ్చింది.

"రేపంతా రెస్టు అత్తా. సైకిల్ ముట్టను," అంది.

రెస్టు అంటే ఏమిటో మరుసటి రోజు చూశాను. నేను లేచేసరికే చెమటకు అట్టకట్టిన బట్టలన్నీ ఉతికి మేడ మీద ఆరేసింది. చైను ఊడదీసి, వాకిట్లో పేపరు పరుచుకుని, పాత గుడ్డతో ఒక్కో లింకునూ తుడుస్తోంది.

"ముట్టనంటివే?"

"తొక్కననే కదత్తా చెప్పింది!"

దోసెలు పోస్తే పోసినవి పోసినట్టే మాయం. మా ఆయన విజయకుమార్ తన వంతు కోసం తట్ట, అదే పళ్ళెం, ముందు పెట్టుకుని చూసి చూసి, చివరికి రొట్టె ముక్క తిని ఆఫీసుకు పోయాడు. ఎంత తిందో లెక్కపెడితే నా దిష్టే తగులుతుందని లెక్కపెట్టలేదు.

తింటూనే దారి కబుర్లు చెప్పింది. ఒక ఊళ్ళో పెట్రోలు బంకు వెనక పడుకుందట, ఇంకొక ఊళ్ళో చర్చి వరండాలో. దిండిగల్ దగ్గర టైరు పంక్చరైతే చింతచెట్టు కింద కూర్చుని తనే అతికించుకుందట. నేనైతే కాట్పాడి స్టేషన్లో ప్లాట్‌ఫారం మారాలన్నా మా ఆయన్ని పిలుస్తాను.

"భయం కాలేదా పాపా?"

"అవతాది అత్తా. దినమూ పొద్దున బయలెల్లేటప్పుడు అవతాది. తొక్కతా తొక్కతా ఉంటే అదే జారిపోతాది." భయం లేదని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఉందని చెప్పి కూడా పోతోంది చూడండి, అక్కడ దండం పెట్టాలనిపించింది నాకు.

మరునాడు చిత్తూరు దారి పట్టాలి. ఆఫీసువాళ్ళు ఇచ్చిన సెలవు కాశ్మీరం చేరడానికి సరిగ్గా సరిపోతుంది. మధ్యలో వారం ఆగిందంటే సగం దారిలో రైలెక్కి వెనక్కి రావలసిందే.

అప్పుడే మా అమ్మ ఫోను. గుడియాత్తం దాటాక మా పల్లె. అమ్మ పేరు లక్ష్మీకాంతమ్మ. ఈ వయసులోనూ చేనికి పోనిదే ఆవిడకు ముద్ద దిగదు.

"విజీ, బిడ్డ ఈడిదాకా వచ్చి నన్ను చూడకుండానే పోతాదా? ఒకతూరి తోడుకోని రా."

మేనక వెంటనే లేచింది. బస్సులో పోయాం. కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని రోడ్డునే చూస్తూ వచ్చింది. రెస్టు రోజట!

ఇల్లు చేరి నేను కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. తల తిప్పి చూసేసరికి అమ్మ గడపలోనే మేనక ఎడమచెయ్యి పట్టుకుని పసుపుదారం ముడి వేసేసింది. దారానికి పసుపుకొమ్ము. గుమ్మానికి వేపమండలు. కొళాయి కట్టకుండానే పరుగెత్తాను.

మా ఊళ్ళో గంగమ్మ జాతరకు ముందు ఇంటింటా కట్టుకునే కంకణం అది, కాపు అంటాం. కాపు చేతికి పడిందంటే జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర అవతల నిద్ర చేయకూడదు. దాటితే ఇంటికి అరిష్టమని మా నమ్మకం. ఇంకా వారం పైనే ఉంది జాతర. వేలూరులో కాపురం పెట్టాక జాతర గుర్తుంటుంది గానీ కాపు కట్టే రోజు ఎవరికి గుర్తుంటుంది? పిల్లను నేనే చేజేతులా తెచ్చి అప్పగించాను.

"ఏం పని చేసినావమ్మా నువ్వు! రేపు పొద్దున పొయ్యే బిడ్డకు కాపు కడతావా?"

"పోకూడదనే కట్టినాను," అంది అమ్మ, తొణక్కుండా. "లారీలు పొయ్యే రోడ్డులో ఆడబిడ్డ ఒంటిగా పోతాంటే నాకు యాడిది నిద్ర? ఫోనులో చెప్తే విన్నిందా? గంగమ్మ చెప్తే వింటాది."

"దేవుడి పేరు చెప్పి బిడ్డను కట్టేస్తావా? ఇది నోమా, గొడ్డును కట్టే గూటమా?" నేను నోటికి వచ్చినట్టు అరిచాను. అమ్మ నాకంటే గట్టిగా అరిచింది. పక్కింటి గోవిందరాజు మామ గోడ మీద నుంచి తొంగి చూసి, మళ్ళీ దిగిపోయాడు.

మేనక గడప మీద కూర్చుని ఆ దారాన్నే చూసుకుంటోంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ అది అన్న మాట వేరు.

"అరవొద్దత్తా. అవ్వ కట్టింది. నేను విప్పను. విప్పి పోతే దినమూ అవ్వ పానం కొట్టుకుంటానే ఉంటాది. నేను తొక్కలేను అట్ల." ముక్కు తుడుచుకుంది. "అయినకాడికి చాలు. ఇంకో సంవత్సరం చూద్దాం."

ఇంకో సంవత్సరం ఏ ఆఫీసు ఇస్తుంది ఇంత సెలవు? ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. నేనైతే దారం తెంపి పారేసి పోయేదాన్ని. ఇంత దూరం తొక్కి వచ్చిన పిల్ల, ఒక ముసలిదాని నిద్ర కోసం అంతా వదులుకోవడానికి సిద్ధపడింది. ధైర్యమంటే రోడ్డు మీద ఉండేదే అనుకున్నాను అంతవరకూ.

అమ్మ గెలిచినట్టు ముఖం పెట్టలేదు. లోపలికి పోయి తట్టలు పెట్టింది. వేడి సంగటి, దానిలోకి చెనక్కాయల కారప్పచ్చడి, ఊరుబిండి. మేనక ముద్ద తుంచబోయి చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కాలిందా మే?"

"లేదవ్వా, ఏమీ లేదు."

అమ్మ ఆ కుడిచెయ్యి లాగి వెల్లకిలా తిప్పింది. తొడుగులు చిరిగిపోయాక వట్టి చేతులతోనే తొక్కిందట. వేళ్ళ మొదట్లో బొబ్బలు పొంగి, చిట్లి, పచ్చిగా ఉన్నాయి. వాటి పక్కన పాత బొబ్బలు కాయలు కాసి ఉన్నాయి. వాటి మీద ఊరుబిండి కారం. పొద్దుటి నుంచి నాతో దోసెలు తింటూ కూడా పిల్ల ఒక్కమాట అనలేదు.

అమ్మ ఆ చేతిని చాలాసేపు చూసింది. తన అరచెయ్యి దాని పక్కన పెట్టింది. చెనక్కాయ చెట్లు పీకి పీకి బండబారిన చెయ్యి అది.

"నేను నువ్వు సుమ్మా ఊరికే తిరగతాండావనుకుంటినే," అంది మెల్లగా. "ఇది పని చేసే చెయ్యి కదమ్మా."

మేనక తల వంచుకుంది. అమ్మ ఆ చెయ్యి కడిగి, కొబ్బరినూనె రాసి, తనే ముద్దలు చేసి పెట్టింది.

తర్వాత అమ్మ లేచి గంగమ్మ పటం ముందు కర్పూరం వెలిగించింది. దేవతతో మాట్లాడినా మా అమ్మది పోట్లాట గొంతే.

"అమ్మా, తెలీక కట్టేసినాను. తప్పు నాది, బిడ్డది కాదు. కోపముంటే నా మీద చూపించుకో."

అమ్మ వచ్చి మేనక ఎడమచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. బండబారిన వేళ్ళకు ముడి లొంగలేదు. పంటితో పట్టి విప్పింది. దారాన్ని కింద పెట్టలేదు. తన ఎడమచేతికి అప్పటికే ఉన్న కాపు పక్కనే దీన్నీ చుట్టి, "కట్టు విజీ," అని నా ముందుకు చాపింది.

"వేండాం, వద్దవ్వా! నీకేమన్నా అయితే?" అంది మేనక, చెయ్యి అడ్డం పెట్టి.

"నాకేమవుతాది మే? ఈ ఊళ్ళో నిలబడేది నాకు చేతనైన పని. నీకోసరమూ నేనే నిలబడతా. పొయ్యే పని నువ్వు చూసుకో."

నేను ముడి వేశాను. కళ్ళలో నీళ్ళతో ముడి సరిగ్గా కనిపించక రెండుసార్లు వేయాల్సి వచ్చింది.