నెవేనా నీళ్ళు

కొండ దారి మలుపులో కూతురి జ్ఞాపకంగా ఊట నీళ్ళకు రాతి ధార కట్టించినప్పుడు, దాని పేరు ఇలా ఊరి నోళ్ళలో పడి నానుతుందని రాంగెల్ అనుకోలేదు. రాయి మీద పెద్ద అక్షరాలతో 'నెవేనా' అని కూతురి పేరు చెక్కించాడు. చదవడం వచ్చిన ప్రతివాడూ అది నీళ్ళ పేరనుకున్నాడు. ఏడాది తిరిగేసరికి గోర్నా లివాడ ఊరంతా అదే మాట. "ఈ పూట నెవేనా భలే చల్లగా ఉంది." "నెవేనా పోసి పెడితే క్యాబేజీ ఊరగాయ మెత్తబడదు." ఒకరోజు సారాకొట్టులో పాలవాడు వెల్కో పొట్ట నిమురుకుంటూ, "నిన్న నెవేనా ఎక్కువైంది, కడుపు పాడైంది" అన్నాడు. రాంగెల్ గ్లాసు సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశాడు.

జరిగింది చెబితే భార్య పెన్కా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ఎందుకే అంత నవ్వు?"

"బతికున్నప్పుడు మాత్రం? దాని మాటలు కాస్త ఎక్కువైతే ఎవరికి పడ్డాయి చెప్పు."

అది నిజమే. నెవేనా పశువుల డాక్టరు. పశువుల దగ్గర ఎంత మెత్తనో, వాటి యజమానుల దగ్గర అంత గరుకు. మేకను ఎండలో కట్టేసినవాడికి, "నిన్ను కట్టేసి దీన్ని నీడలో కూర్చోబెడతా" అని చెప్పి అన్నంత పనీ చేయబోయింది. ఒక చలికాలం తెల్లవారుజామున వెల్కో ఆవు ఈనడం కష్టమైందని ఫోను వస్తే బయల్దేరింది. మంచు గడ్డకట్టిన ఆ మలుపులోనే జీపు జారి లోయలోకి వెళ్ళింది. ఆవు తనంతట తనే ఈనింది. వెల్కో చాలా రోజులు ఆ ఇంటి వైపు రాలేదు. చివరికి పెన్కాయే అతని గడప ఎక్కి, "ఆవు బాగుందా? అయితే పాలేవి?" అని అడిగింది. అప్పటి నుంచి వెల్కో రోజూ పాలు తెస్తాడు, పాలతోపాటు ఒక వెటకారం కూడా. ధార కట్టేటప్పుడు రాళ్ళు మోసిందీ అతనే.

రాంగెల్ పొద్దున్నే కాఫీ తాగి, బ్రష్షూ చీపురూ పట్టుకుని కొండెక్కుతాడు. నాచు గీకుతాడు, తొట్టిలో ఆకులు తీస్తాడు, పాత పూలు తీసి కొత్తవి పెడతాడు. బతుకంతా బస్సు నడిపిన మనిషి కనుక, నీళ్ళకు వచ్చినవాళ్ళు కూడా అతనికి ప్రయాణికుల్లాగే కనిపిస్తారు. "సర్దుకోండమ్మా, వెనక చోటుంది" అంటాడు, వెనక లోయ తప్ప ఏమీ లేకపోయినా.

"సొంత పళ్ళు తోముకోమంటే పది సాకులు చెప్పేవాడివి, ఆ రాయికి మాత్రం రోజూ తోముడే" అంటుంది పెన్కా. ఆమె కొండెక్కేది తక్కువ. ఆమె పని కిందనే. తద్దినం నాడు గోధుమలు ఉడకబెట్టి, చక్కెర చల్లి వీధంతా పంచుతుంది. గేటుకు అంటించే సంస్మరణ కాగితానికి ఫోటో ఎంచుతుంది. ఆ ఫోటో దగ్గర ఇద్దరికీ ఏటా గొడవే. దూడ చెంప నాకుతుంటే నెవేనా పగలబడి నవ్వుతున్న ఫోటో పెన్కాకు ఇష్టం.

"చావు కాగితం మీద ఎవరైనా ఇలా నవ్వుతారా?"

"నవ్వకుండా ఉన్నది ఒక్కటి చూపించు, అదే వేయిద్దాం."

రాంగెల్ పెట్టెలన్నీ వెతికి గుర్తింపు కార్డు తెచ్చాడు. పెన్కా దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "కోళ్ళదొంగలా ఉంది" అని తిరిగి ఇచ్చేసింది. గేటు మీద దూడే గెలిచింది.

సెప్టెంబరు వచ్చాక ఊరు ఎందుకో మారిపోయింది. వెల్కో పాలు పెట్టి, "నమస్తే అన్నా" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు. వెటకారం లేదు. మర్నాడూ లేదు. సారాకొట్టులోకి రాంగెల్ అడుగు పెట్టగానే అందరూ ఒక్కసారిగా వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. చిల్లర కొట్టావిడ ఏనాడూ లేనిది, సంచి తనే మోసుకొచ్చి, "ఆరోగ్యం జాగ్రత్త అన్నయ్యా" అంది. రాంగెల్‌కు అనుమానం పట్టుకుంది. కిందటి వారమే పట్నంలో డాక్టరుకు చూపించుకుని వచ్చాడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "నిజం చెప్పు. ఆ డాక్టరు నీతో విడిగా ఏమన్నా చెప్పాడా?"

"దేని గురించి?"

"నా గురించే. ఊరంతా నన్ను బతికుండగానే మోసుకెళ్ళేట్టు చూస్తోంది."

పెన్కా మిరపకాయలు కాలుస్తోంది. పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "నీకేం రోగమయ్యా, రాయిలా ఉన్నావు. బ్లాగోయ్‌కి పెళ్ళి."

బ్లాగోయ్ వడ్రంగి. నెవేనాను చేసుకోవలసినవాడు. వాళ్ళ కాపురం కోసమని అతను చేసిన బల్ల ఇప్పుడు వీళ్ళ వంటింట్లోనే ఉంది. దాని మీదనే రాంగెల్ మోచేతులు ఆనించి కూర్చున్నాడు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఊరికి తెలిసినప్పటి నుంచి. ఆదివారమట. పిల్ల పేరు రుమ్యానా, బ్రెస్తెన్‌లో టీచరు."

"బ్రెస్తెనా? అయితే మన మలుపు మీదుగానే పోవాలి."

"పోవట్లేదట. క్వారీ దారిన చుట్టూ తిరిగి పోతారట. నువ్వు చూస్తావని."

రాంగెల్ ముఖం ఎర్రబడింది. పెన్కా భయపడింది కూడా. కాని అతని నోట వచ్చింది వేరు. "క్వారీ దారా? అది దారేనా అసలు? వాన పడితే అందులో గాడిద కూడా నడవదు. పెళ్ళిబళ్ళు నడుపుతాడట, బళ్ళు."

అంటూనే టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. దారి పొడుగునా గుంతల గురించే ఆలోచించాడు. మరో ఆలోచన రానివ్వకూడదని గట్టిగా పట్టుకున్నాడు. అయినా వచ్చింది. వాడికి మళ్ళీ మొదలవుతోంది. నాకు ఏదీ మళ్ళీ మొదలవదు. ఆ మాట అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చి, బ్లాగోయ్ పనిగది తలుపు కావలసిన దానికన్నా గట్టిగా తోశాడు.

బ్లాగోయ్ చేతిలో రంపం ఆగింది. "మావయ్యా." వెంటనే తడబడ్డాడు. "అలవాటైపోయింది. ఇంకేమని పిలవాలో తెలియట్లేదు."

"పిలుపు సంగతి తర్వాత. క్వారీ దారిన పోతున్నావట. ఎవడిచ్చాడు ఆ సలహా?"

"ఎవరూ ఇవ్వలేదు. నేనే."

"బస్సు నడిపినవాణ్ణి చెప్తున్నా, విను. అందులో ఇరుసు విరుగుద్ది. పెళ్ళికూతురు పట్టు గౌనుతో బురదలో దిగుద్ది. తిన్నగా మలుపు మీదుగా పో."

బ్లాగోయ్ తలుపు వైపు చూశాడు, కొయ్యపొట్టు వైపు చూశాడు. "ఆ మలుపులో నేను తలెత్తలేను మావయ్యా. కారులో పెళ్ళిపాటలు పెట్టుకుని దాని ముందు నుంచి ఎలా పోను?"

"ఎత్తకు. దాహమేస్తే ఆగు, లేకపోతే పో. అది ఎవర్నీ చెయ్యి పట్టుకుని ఆపదు."

ఆ కుర్రవాడు రంపం కింద పెట్టి, చేత్తో ముఖం కప్పుకున్నాడు. రాంగెల్ దగ్గరికి వెళ్ళాడు. అతని భుజం మీద కొయ్యపొట్టు దులిపాడు. దులిపిందే మళ్ళీ దులిపాడు.

ఆదివారం పొద్దున్న రాంగెల్ ధార దగ్గర అక్షరాల సందుల్లో పాత టూత్‌బ్రష్షుతో రుద్దుతుంటే పెన్కా రొప్పుతూ వచ్చింది. చేతిలో రాగి బిందె, కొంగులో తులసి కొమ్మలు, జెరేనియం పూలు.

"ఇది దేనికి?"

"పెళ్ళికూతురు పుట్టింటి గడప దాటేప్పుడు నిండు బిందె తన్నొద్దూ? నీళ్ళు పట్టు."

"వాళ్ళూళ్ళో నీళ్ళు లేవా? నా కూతురి నీళ్ళు ఇంకో పిల్ల చేత తన్నిస్తావా నువ్వు?"

పెన్కా ఎప్పుడూ ఏదో ఒకటి తిప్పికొట్టే మనిషి. ఈసారి కొట్టలేదు. బిందె తొట్టి అంచు మీద పెట్టింది. "ఈ బిందె దానికోసం తోమి దాచాను. దాని గుమ్మంలో నేనే పెట్టాలని. ఏటేటా తీస్తున్నా, తోముతున్నా, మళ్ళీ పెట్టేస్తున్నా. ఒక్కసారన్నా ఎవరి గుమ్మంలోనైనా పెట్టనీ నన్ను."

రాంగెల్ టూత్‌బ్రష్షు జేబులో పెట్టుకుని, బిందె తీసుకుని ధార కింద పట్టాడు.

పెళ్ళిబళ్ళు కింది వంపు దగ్గరికి వచ్చేసరికి పాటలు ఆపేశారు. మొదటి కారు ఆగింది. బ్లాగోయ్ దిగాడు, కోటు గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. తొట్టి ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి దోసిలితో తాగాడు. పెన్కా అతని గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది.

"నీళ్ళు మీ ఆవిడకి. మేమూ వస్తున్నాం. వెనక చోటుందా?" అన్నాడు రాంగెల్.

వెనక వెల్కో అకార్డియన్ వాయిద్యం పెట్టుకుని కూర్చున్నాడు. అతన్ని జరిపి ఇద్దరూ ఇరుక్కున్నారు. రాంగెల్ ఒళ్ళో బిందె. "మెల్లగా పోనీ. మలుపులో బ్రేకు తొక్కకు, ముందే తగ్గించు" అని బ్రెస్తెన్ దాకా చెబుతూనే ఉన్నాడు. చెప్పేకొద్దీ డ్రైవరు తడబడ్డాడు, నీళ్ళు తొణికి రాంగెల్ పంట్లాం తడిసింది. పది రోజులుగా నోరు కట్టుకుని ఉన్న వెల్కో ఇక తట్టుకోలేకపోయాడు. "అన్నా, ఆ తడి ఎలా వచ్చిందో అక్కడ అందరికీ నువ్వే చెప్పుకోవాలి. నేను సాక్ష్యం రాను."

రాంగెల్‌కు ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, వెల్కోని మోచేత్తో గట్టిగా పొడిచాడు.

రుమ్యానా పొడుగ్గా, కాస్త వంగి నడిచే పిల్ల. గడపలో బిందెను చూసింది, దాని పక్కన నిలబడ్డ ముసలివాళ్ళను చూసింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

"ఇవి నెవేనా నీళ్ళు కదా పిన్నీ?"

"అవునమ్మా."

"నన్నొకసారి తిట్టింది. మా పిల్లిని తీసుకెళ్ళా. చేతుల్లోకి తీసుకుని, 'ఇది పిల్లి కాదు, దిండు. పెంచడం మానేసి ఉతికి ఆరెయ్' అంది. ఏడుస్తూ ఇంటికొచ్చా."

ముందుగా నవ్వింది రాంగెలే. ఎంతసేపటికీ ఆగలేదు. రుమ్యానా గౌను ఎత్తి పట్టుకుని, సిగ్గు లేకుండా బలమంతా పెట్టి తన్నింది. బిందె మెట్ల మీద నుంచి దొర్లింది. నీళ్ళు వెల్కో అకార్డియన్ మీదా, పూజారి బూట్ల మీదా పడ్డాయి. పెన్కా బిందె ఎక్కడ ఆగిందో కూడా చూడలేదు. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది.

పెళ్ళయ్యాక రుమ్యానా వాళ్ళింట్లో భోజనాల దగ్గర రాంగెల్ మాంసం ముక్క ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. కూతురి మాటలన్నీ తనకు కంఠతా వచ్చనుకున్నాడు ఇన్నాళ్ళూ. కొత్తవి ఇక రావనుకున్నాడు.

"ఆ పిల్లి సంగతి నీకు తెలుసా?" అని పెన్కాను అడిగాడు.

"లేదు. ఇంటికొచ్చి చెప్పనేలేదు."

"ఇంకెంతమందిని తిట్టిందో."

"జిల్లా అంతా. ఒక్కొక్కర్నీ అడుగుతూ పో, నీకెటూ పని లేదుగా."

రుమ్యానా పళ్ళెం పట్టుకుని వాళ్ళ పక్కకు వచ్చి కూర్చుంది. రాంగెల్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, ఆ పిల్లి ఉందా ఇంకా?"

"ఉంది బాబాయ్. పొయ్యి వెనక పడుకుని ఉంటుంది. చూస్తారా?"

పెళ్ళివిందు సగంలో ఉండగా, అకార్డియన్ తడిసి బొంగురుగా మోగుతుండగా, ముగ్గురూ లేచి వంటింట్లోకి వెళ్ళారు. రాంగెల్ మోకాళ్ళ మీద వంగి బూడిదరంగు ముసలి పిల్లిని బయటికి తీశాడు. అది కళ్ళు కూడా తెరవలేదు. రెండు చేతుల్లోకి తీసుకుని కూతురు పట్టుకున్నట్టే పట్టుకుని బరువు చూశాడు.

"పర్లేదు, చిక్కింది" అన్నాడు.

"దాన్ని దించవయ్యా, కోటంతా బొచ్చు" అంది పెన్కా. అతను దించలేదు.