కారు కోసం చదును చేసిన రోడ్డు

థర్మోస్‌లో టీ పోసి మెర్విన్ మూత బిగిస్తుండగా బెరిల్ అడిగింది.

"ఇవాళ నన్ను పోర్ట్ జెర్మీన్ తీసుకెళ్తావా, మెర్వ్? దాన్లో."

మెర్విన్ పాస్కో మూతను ఇంకో అర చుట్టు తిప్పాడు. దేన్లో అని అడగలేదు. షెడ్డులో నూలు గుడ్డ కప్పుకుని పదకొండు నెలలుగా నారింజ రంగు ఛార్జర్ కారు ఉంది. ఈ పదకొండు నెలల్లో బెరిల్ షెడ్డు గుమ్మం దాకా రెండుసార్లు వచ్చింది. ఒకసారి భోజనానికి పిలవడానికి, ఒకసారి ఫోన్ వచ్చిందని చెప్పడానికి. రెండుసార్లూ కారు వంక చూసింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. లోపల కూర్చోలేదు. కూర్చోమని అతనూ అడగలేదు. కాదంటుందేమోనని భయం. అరవై ఏడేళ్ల మనిషి, రోడ్లు చదును చేసే పన్నెండు టన్నుల గ్రేడర్ నడిపేవాడు, పెళ్లాం కాదంటుందని భయపడి పదకొండు నెలలు ఆ గుడ్డ మడతలు సర్దుకుంటూ గడిపాడు.

"ఇవాళా?"

"ఇవాళ ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. రేపెలా ఉంటుందో."

ఆమె చీలమండలు ఉబ్బి ఉన్నాయి. గుండె సగమే పనిచేస్తోందని వైద్యుడు శీతకాలంలోనే చెప్పాడు. ఉప్పు మానింది, మెట్లు మానింది. ఏడ్వడం ఎప్పుడో మానింది.

మెర్విన్ కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు నుంచి తారు రోడ్డు దాకా ఏడు కిలోమీటర్ల కంకర దారి. కోతల కాలంలో గోధుమ లారీలు తిరిగి తిరిగి దారి పొడుగునా ముడతలు పడ్డాయి. రాళ్లు తేలి ఉన్నాయి.

"పనిబండి ట్రక్కులో అయితే ఇప్పుడే పోదాం," అన్నాడు.

"పనిబండిలో నేను నలభై ఏళ్లు తిరిగా. అక్కర్లేదు."

"దాన్ని ట్రైలర్ మీద తారు రోడ్డు దాకా తీసుకెళ్లి, అక్కడ దించి..."

"గొర్రెను సంతకు తోలినట్టు అది ముందూ, నేను వెనకా? గుమ్మం ముందు ఎక్కుతా. లేకపోతే వద్దు."

ఆ కారును అతను ఇప్పటిదాకా అలాగే నడిపాడు. ట్రైలర్ ఎక్కించి తారు దాకా మోసుకెళ్లి, దించి, ఒక గంట తిప్పి, మళ్లీ ఎక్కించి తెచ్చేవాడు. దాని చక్రాలకు ఇంటి ముందు మట్టి తగల్లేదు.

"ఆ రాళ్ల మీద తీస్తే దాని రంగు మిగులుతుందా? మూడింటి దాకా ఆగు. రోడ్డు గీసి వస్తా."

"మన రోడ్డా? మన వంతు మేలో కదా?"

"మొన్న వాన పడింది. మట్టి పదును మీద ఉంది. ఇదే అదను."

"నా తుంటి కుట్లప్పుడు కూడా వాన పడింది," అంది బెరిల్, కప్పు తుడుస్తూ. గొంతులో కోపం లేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది.

అతను టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

గ్రేడర్ గేటుకు అరకిలోమీటరు దూరంలో, కంకర గుంట పక్కన నిన్న సాయంత్రం ఆపిన చోటే ఉంది. నూనె చూశాడు. చక్రాలను కాలితో తన్నాడు. బ్లేడు అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. ఎక్కి కూర్చుని ఇంజను వేడెక్కేదాకా ఆగాడు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఇదే వరస. అతని కుడిచేయి ఎడమచేతి కన్నా లావు, కుడి చెవి ఎడమ చెవి కన్నా మొద్దు. మెడ వెనక చర్మం ఎండిన నేలలా గళ్లు గళ్లుగా పగిలింది. రోడ్డును అతను కళ్లతో చూడడు. కూర్చున్న చోటి నుంచి నడుముతో చూస్తాడు. బ్లేడు ఎక్కడ ఎక్కువ తింటోందో ఎక్కడ జారుతోందో వెన్నుపూస చెబుతుంది.

రోడ్లు చూసే ఊరి కౌన్సిల్‌లో అతనికి ముందున్న గ్రేడర్‌వాడు స్నేహితుల రోడ్లు ముందు గీసేవాడు. అందుకు బదులుగా అతని ఇంటికి మాంసం వచ్చేది. ఊరు అతన్ని ఎదురుగా పొగిడి, వెనక ఉమ్మేది. మెర్విన్ ఆ మనిషిలా కాకూడదనుకున్నాడు. తన ఇంటి రోడ్డును పట్టికలో అన్నిటికన్నా చివర పెట్టించాడు. వంతు తప్పి ఒక్కసారి కూడా గీయలేదు. తాగుడు దుకాణంలో అందరూ దీన్ని మెచ్చుకునేవారు. ఆ మెప్పు అతనికి దక్కింది, దుమ్ము బెరిల్‌కు దక్కింది.

తొమ్మిదేళ్ల కిందట తుంటి కీలు మార్పించి, పద్దెనిమిది కుట్లతో ఆమెను ఇంటికి తెచ్చినప్పుడు ఆ ఏడు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది. బండిలో తల పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, ముడత ముడతకూ పళ్లు బిగించింది. ముందు రోజు రెండు గంటలు గీసి ఉంటే సరిపోయేది. మన వంతు మేలో అన్నాడు.

ఇవాళ రంగు కోసం గీస్తున్నాడు.

మొదటి గీత మొదలుపెట్టాడు. బ్లేడు ముడతల అడుగు దాకా దిగింది. తడి ఎర్రమట్టి చుట్టలు చుట్టుకుంటూ పక్కకు ఒరిగి గట్టులా పేరింది. పురుగుల కోసం మాగ్‌పై పిట్టలు వెనక నడిచాయి. గంటకు ఆరు కిలోమీటర్లు. ఇంతకన్నా వేగంగా పోతే బ్లేడు ఎగురుతుంది, ఎగిరితే కొత్త ముడతలు పడతాయి.

రేడియో పలికింది. డిపో నుంచి గ్లెన్, అతని పైవాడు, అతని వయసులో సగం ఉన్నవాడు.

"మెర్వ్, ఎక్కడున్నావ్?"

"గ్రేడర్లో."

"అది నాకూ తెలుసు. ఉత్తరం రోడ్డెక్కావా?"

"పని మీదే ఉన్నా."

"సరే ముసలోడా. ఎండకు నీళ్లు తాగు."

ఆ రోజు గీయాల్సిన ఉత్తరం రోడ్డు అక్కడికి ముప్ఫై కిలోమీటర్లు. మెర్విన్ అబద్ధం చెప్పలేదు. తన గురించి తాను ఎప్పుడూ అలాగే అనుకునేవాడు.

మొదటి ఛార్జర్ కొన్నప్పుడు అతనికి ఇరవై ఏళ్లు. రైల్వేలో పట్టాల కింద దుంగలు మార్చే పని. రెండు తలుపుల కారు, వెనక భాగం పొట్టిగా కోసినట్టు, పక్కన నల్ల చార. ఆరు సిలిండర్ల ఇంజను తాళం తిప్పగానే గొంతు సవరించుకునేది. ఆ రోజుల్లో టీవీలో ఆ కారు ప్రకటన చూసి దేశమంతా ఒక అలవాటు పట్టుకుంది. ఆ కారు కనబడితే చాలు, రోడ్డు పక్కన వాళ్లు రెండు వేళ్లు ఎత్తి చూపేవాళ్లు. పొలంలో ట్రాక్టర్ మీది రైతు ఎత్తేవాడు, బడి మెట్ల మీద పిల్లలు ఎత్తేవాళ్లు, ఒకసారి అంత్యక్రియల బండి తోలేవాడు కూడా ఎత్తాడు. ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవని మెర్విన్ పాస్కోకు అయిదేళ్లు అందరూ చేయెత్తారు. బెరిల్‌ను మొదటిసారి ఎక్కించుకుని సముద్రం చూపించడానికి జెర్మీన్ తీసుకెళ్లింది అందులోనే. దారంతా ఆమే కిటికీలోంచి రెండు వేళ్లు తిరిగి చూపింది.

బెరిల్ ఏడో నెల గర్భంతో ఉండగా అమ్మేశాడు. రెండు తలుపుల కారులో బిడ్డ తొట్టి వెనక సీటులోకి దూరదు. అమ్మమని ఆమె అనలేదు. తొట్టి ఎలా పెడదాం అని మాత్రమే అడిగింది. పోర్ట్ అగస్టా నుంచి ఒక మనిషి వచ్చి తోలుకెళ్లాడు. దాని బదులు మట్టిరంగు పొడుగు కారు వచ్చింది, నాలుగు తలుపులతో. ఆడపిల్ల ఊపిరి లేకుండా పుట్టింది. ఆసుపత్రి నుంచి ఖాళీ తొట్టితో వస్తూ, ఆ మట్టిరంగు కారు తోలుతూ, మెర్విన్ అన్నాడు.

"కారన్నా మిగిలేది."

తరువాత పిల్లలు కలగలేదు. ఆ మాట గురించి అతను క్షమాపణ అడగలేదు, ఆమె గుర్తు చేయలేదు. నలభై ఏళ్లకు పైగా వాళ్లు ఒకే బల్ల దగ్గర తిన్నారు.

అమ్మిన కారు కోసం చాలా కాలం వెతికాడు. అది ఎప్పుడో తుప్పు పట్టి ముక్కలైపోయిందని తెలిశాక, అదే ఏడాదిది, అదే రంగుది బెండిగో పట్టణంలో దొరికింది. గేరు కర్ర మీది పిడి పాతదాని లాంటిదే సంపాదించాడు. రేడియో ఏంటెన్నా పాతదానికి ఎడమవైపు ఉండేదని, దీనికీ ఎడమవైపు కొత్తగా బెజ్జం తొలిచాడు. అంతా అయ్యాక మొదటిసారి తారు మీద తోలినప్పుడు అరగంటలోపే తెలిసిపోయింది, ఇది వేరే కారని. రోడ్డు పక్కన ఎవరూ చేయెత్తలేదు. ఒకడు ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. ఇంటికొచ్చి గుడ్డ కప్పాడు. ఆమె ఒక్కసారి పక్కన కూర్చుంటే అది ఆ కారు అవుతుందని అతని లెక్క. ఎవరికీ చెప్పలేదు.

పదిన్నరకు రెక్స్ నోస్కీ పనిబండి ఎదురొచ్చి ఆగింది. పక్క పొలం రైతు. కుక్క కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏరా మెర్వ్, దారి తప్పావా? ఇది నీ ఇంటి రోడ్డురా."

"వాన పడింది."

"వానలు నేనూ చూశాలే. మా ఆవిడ ఈ రోడ్డు మీద ముప్ఫై ఏళ్లు గుడ్లు మోసింది. ఊరు చేరేసరికి సగం అట్టు వేసుకోడానికే పనికొచ్చేవి. అప్పుడు నీకు వానలు పడలేదా?" రెక్స్ రెండు వేళ్లెత్తి గ్రేడర్ వైపు ఊపాడు. "ఆ నారింజ పిల్లను షికారు తిప్పడానికేగా?"

"బెరిల్‌ను జెర్మీన్ తీసుకెళ్తున్నా."

రెక్స్ వేళ్లు దించాడు.

"దాన్లో కూర్చుంటానందా?"

"తనే అడిగింది."

"ఎప్పుడు?"

"పొద్దున."

"పొద్దున అడిగితే ఇంకా ఇక్కడేం చేస్తున్నావురా? బ్లేడు లేపి ఇంటికి పో. రాళ్లు తగిలితే తగలనీ. రంగు మళ్లీ వేసుకోవచ్చు."

"ఇంకో రెండు గీతలు. తేలిన రాళ్లు అంచుకు తోసేస్తే అయిపోతుంది."

"నీ రెండు గీతలు ఎప్పటికయ్యాయి గనక," అన్నాడు రెక్స్. బండి కదిలించి, గీసిన వైపు మీద చక్రాలు పడకుండా పక్కనే పోయాడు. కొత్త రోడ్డు మీద అతనికి ఆ మాత్రం మర్యాద ఉంది.

పదిన్నరకే రోడ్డు కారుకు సరిపోయేది. మెర్విన్‌కు సరిపోలేదు. నీరు రెండు పక్కలకూ జారేలా నడిమధ్య వీపు తేల్చాలి. నాలుగో కిలోమీటరు దగ్గర బండరాయి పైకి లేచి ఉంది. దాన్ని గీకడానికి గంట పట్టింది. మధ్యాహ్నం పన్నెండుకు గేటు దాకా వచ్చి వెనక్కి తిరుగుతున్నప్పుడు బెరిల్ వరండాలో కనబడింది. నీలం గౌను వేసుకుంది. తల దువ్వుకుంది. ఒడిలో చేతిసంచి ఉంది. చేయెత్తింది. అతను స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తాడు. ఆగి గుమ్మం దాకా వెళ్తే అరవై అడుగులు. అక్కడే టీ తాగొచ్చు. అతను థర్మోస్‌లోది తాగాడు, బ్లేడు ఎత్తకుండా.

రెండు దాటాక మళ్లీ గేటు దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. నడుం వాల్చిందనుకున్నాడు. గేటు దగ్గరి చివరి కిలోమీటరు ఇంకోసారి సర్దడానికి వెనక్కి తిరిగాడు.

మూడింటికి అయిదు నిమిషాల ముందు గ్రేడర్‌ను గేటు పక్కన ఆపి దిగి, వెనక్కి చూశాడు. ఏడు కిలోమీటర్లు ఒక్క మడత కూడా లేని గుడ్డలా పరుచుకుంది. అంత మంచి రోడ్డు అతను ఎప్పుడూ వేయలేదు. చేతులు కడుక్కున్నాడు. చొక్కా మార్చుకున్నాడు.

"బెరిల్, అయిపోయింది. పోదాం."

పడకగదిలో లేదు. వంటగదిలో రెండు రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి బల్ల మీద ఉన్నాయి. షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. నూలు గుడ్డ నాలుగు మడతలై పనిబల్ల మీద ఉంది. దాన్ని లాగి మడవడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో, ఎన్నిసార్లు ఆగి ఊపిరి తీసుకుందో చూసినవాళ్లు లేరు.

బెరిల్ కారులో ఎడమ సీటులో ఉంది. చెంప కిటికీ అద్దానికి ఆనించి, బెల్టు పెట్టుకుని ఉంది. నిద్రపోయిందనుకుని మెర్విన్ చుట్టూ తిరిగివచ్చి తన సీటులో కూర్చున్నాడు. తాళం పెట్టి, తిప్పబోయి, ఆమె చేతి మీద చేయి వేశాడు. చేయి చల్లగా ఉంది. తాళం తిప్పలేదు. అద్దం మీద ఆమె ముఖం దగ్గర ఊపిరి మసక కూడా లేదు. బాగుంది అందో, బాగాలేదు అందో, అసలేమీ అనలేదో, అతనికి ఇక తెలియదు. దిగి ఇంట్లోకి వెళ్లి ఫోన్ చేశాడు.

అంబులెన్సు పట్టణం నుంచి అరగంటలో వచ్చింది. ఇద్దరు మనుషులు. పని నెమ్మదిగా, పద్ధతిగా చేశారు. స్ట్రెచర్ తోస్తూ పెద్దవాడు అన్నాడు.

"మీ రోడ్డు చాలా బాగుంది పెద్దాయనా. మిగతా వైపు రోడ్లయితే మనుషులను ఎత్తి కుదేస్తాయి. ఈమెకు ఒక్క కుదుపు కూడా ఉండదు."

మెర్విన్ తలూపాడు.

బండి గేటు దాటింది. తడి మట్టి కావడంతో దుమ్ము లేవలేదు. తారు రోడ్డు ఎక్కేదాకా అది కనబడుతూనే ఉంది. గేటుకు కాస్త అవతల, ఎదురొస్తున్న రెక్స్ పనిబండి పక్కకు తప్పుకుని ఆగింది. అతను టోపీ తీయడం మెర్విన్ గేటు దగ్గర్నుంచే చూశాడు.

గ్రేడర్ రేడియోలో గ్లెన్ రెండుసార్లు పిలిచాడు.

మెర్విన్ షెడ్డు మూయడానికి వెళ్లాడు. గుమ్మానికి ఇవతల, సిమెంటు మీద, బెరిల్ గోధుమరంగు చెప్పుల జత ఉంది. కారు లోపలి తివాచీకి మట్టి అంటకూడదని విప్పి, మడమలు గోడకు ఆనించి వరసగా పెట్టిన చెప్పులు, ఉబ్బిన కాళ్లకు సాగి వదులైనవి, అడుగున ఇంకా ఆరని ఎర్రమట్టితో.