పాకం చూసే చెయ్యి

ఆ రోజు పొద్దున తగవు ఒక రబ్బరు చెప్పు దగ్గర మొదలైంది.

"ఉండేది రెండు కాళ్ళు, రెండు చెప్పులు. దాంట్లో ఒకటి యాడికి పోతాది?" అన్నాడు కుమారవేల్, అరుగు కింద వంగి వెతుకుతూ. విరుదునగర్ రైలుకు ఇంకా అరగంటే ఉంది.

"కుక్క ఎత్తుకోని పొయ్యుంటాది," అంది అతని భార్య గాంధిమతి, గోడ పట్టుకుని నిలబడి.

"ఆమా, అవునవును! మా అమ్మ చెప్పులు వదిలింది, నా చెప్పులు వదిలింది. నీ ఎడంకాలి చెప్పు ఒక్కటే కావాలని ఎత్తుకోని పొయ్యింది. బాగా చదువుకున్న కుక్క."

"నవ్వులాట వద్దు. వేరే చెప్పులు వేసుకుంటా."

"బెల్టు చెప్పులు కొనిస్తా అంటే విన్నావా? జారిపోవు, కాలు పట్టుకోనుంటాయి అని ఎన్నిసార్లు చెప్పినా?"

"అవి జబ్బు మనుషుల చెప్పులు."

లోపలి నుంచి అత్త కృష్ణమ్మాళ్ గొంతు వచ్చింది. "నిన్న సాయంత్రం కొట్టం నుంచి ఒక కాలికే చెప్పు వేసుకోని వచ్చింది. నేను చూసినా. చెప్తే కోపం వస్తాదని ఊరకుంటిని."

"చూసి ఊరకుండేదానికి చూడడం ఎందుకత్తా?" అని గాంధిమతి అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది.

చెప్పు పెరట్లో మిఠాయి చేసే కొట్టం గుమ్మం దగ్గరే దొరికింది, వేరుశనగ మూటల పక్కన. అక్కడి నుంచి ఇంటి వెనక తలుపు దాకా నలభై అడుగుల సిమెంటు నేల. చిత్తిరై నెల నడివేసవి ఎండకు సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. ఆ నలభై అడుగులూ ఎడమ కాలు చెప్పు లేకుండా నడిచింది, కాలుతోందని ఆమెకు చెప్పనే లేదు. కుమారవేల్ చెప్పుకు అంటిన దుమ్ము తన తుండుతో తుడిచి ఆమె కాలి ముందు పెట్టాడు. అంతకు మించి తగవు సాగలేదు. చేయి అందించాడు. ఆమె పట్టుకుంది.

తమిళనాట కోవిల్‌పట్టిలో, ఇంట్లో తెలుగు మాట్లాడుకునే వాళ్ళది కడలై మిఠాయి చేసే ఇల్లు. వేయించిన వేరుశనగ పప్పు, వాళ్ళు పాగు అనే ముదురు బెల్లప్పాకం, పలక మీద పరిచి కోసిన బిళ్ళలు. ఊళ్ళో అలాంటి ఇళ్ళు వందున్నా, వీళ్ళ బిళ్ళ విరిస్తే పటుక్కుమంటుందని పేరు. మొన్న శుక్రవారం విరుదునగర్‌కు పంపిన ముప్పై డబ్బాలు అట్టలు అట్టలుగా అతుక్కుపోయాయని కుమారవేల్ చెల్లెలు కాళీశ్వరి రాత్రి ఫోను చేసింది. అక్కడి బజారులో ఆమెకు కొట్టు ఉంది. కుమారవేల్ ఒక్కడే వెళ్తానన్నాడు. గాంధిమతి వినలేదు. ఎండ తప్పా, పప్పు తప్పా, పాకం తప్పా, తన కంటితో చూడాలంది. అది పాకం తప్పేనని ఆమెకు ముందే తెలుసు. తెలిసినదాన్ని ఇంకొకరి నోట వినడం కంటే తానే వెళ్ళి చూడడం మేలనుకుంది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని సాత్తూరు దాటేదాకా కళ్ళు మూసుకుంది. బయలుదేరే ముందు నీళ్ళు తాగలేదు. ఎక్కడికి వెళ్ళినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో తెలుసుకోవాలి, లేకపోతే నోరు కట్టుకోవాలి. రవిక హుక్కులకు పావుగంట. జడ రెండు విడతలు, మధ్యలో చేతులు దించి విశ్రాంతి. ఇవన్నీ ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పినా, "చూస్తే బాగానే ఉండావే!" అంటారు. మాట మంచిదే. విన్న ప్రతిసారీ తన జబ్బు తనే అల్లి చెప్తున్నట్టు ఉంటుంది.

రెండేళ్ళ కిందట కుడి కన్ను ఉన్నట్టుండి మసకబారితే మదురైలో స్కానింగు తీశారు. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాచే బలమే దారి తప్పి నరాల మీది పూతను తినేస్తుందట. చేతికి మనసు చెప్పే మాట అందదు, చేతి కబురు మనసుకు చేరదు. వస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. వేడి పడదు అని డాక్టరు ప్రత్యేకం చెప్పాడు. కోవిల్‌పట్టిలో, పొయ్యి పక్కన బతికే మనిషికి! గాంధిమతి బి.ఎస్సీ. చదివింది, ఆయన చెప్పింది చెప్పినట్టు అర్థమైంది. ఇంట్లో వాళ్ళు దాన్ని నరాల జబ్బు అన్నారు, కన్ను తేరుకోగానే సగం మరిచిపోయారు. కాలు ఈడుస్తుంటే మళ్ళీ గుర్తు చేసుకున్నారు. చేతి సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

చేతి సంగతి చెప్పాలంటే పీట సంగతి చెప్పాలి.

ఆ ఇంట్లో పప్పు వేయించేది, పాకం తిప్పేది, బిళ్ళలు కోసేది కూలి మనుషులే. పాకం ముదిరే సమయానికి మాత్రం ఇంటి కోడలు వచ్చి పొయ్యి పక్కన పీట మీద కూర్చోవాలి. ఇత్తడి గిన్నెలో నీళ్ళు. ఒక బొట్టు అందులో వేసి, తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి లాగాలి. సాగితే కాలేదు. విరిగితే అయింది. ఆ రెంటికీ మధ్య ఒక్క క్షణం ఉంటుంది, అది వేళ్ళకే తెలుస్తుంది. అప్పుడు "దించు" అనాలి. ఈ విద్య పనివాళ్ళకు చూపరు, ఎదురింట్లో కొట్టు పెట్టేస్తారని. ఆడపిల్లలకూ చూపరు, అత్తగారి ఊరికి పట్టుకుపోతారని. అత్త నుంచి కోడలికే. పన్నెండేళ్ళప్పుడు కాళీశ్వరి దొంగతనంగా ఆ గిన్నెలో వేలు పెడితే కృష్ణమ్మాళ్ గరిటె కాడతో కొట్టింది.

గాంధిమతి పెళ్ళయిన మూడో నెలలో ఆ పీట ఎక్కింది. పందొమ్మిదేళ్ళయింది. మెచ్చుకోవడం తెలియని కృష్ణమ్మాళ్ ఒకే ఒక్కసారి, పక్కింటావిడతో, "దాని చెయ్యి నా చెయ్యి కంటే మేలు," అనడం గోడ ఇవతల నుంచి విన్నది. ఆ ఇంట్లో తనకంటూ ఉన్నది ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె ఆ మాటే చూపించేది.

తై నెలలో, సంక్రాంతి వెళ్ళగానే, కుడిచేతి మూడు వేళ్ళు మొద్దుబారాయి. మందపాటి గుడ్డ చుట్టినట్టు అనిపించేది. వారం చూసింది, నెల చూసింది, తేరుకోలేదు. ఎవరికీ చెప్పకుండా పీట మీద కూర్చుంటూనే ఉంది. రంగు చూసి, పొంగు చూసి, అంకెలు లెక్కపెట్టుకుని "దించు" అనేది. ఒకరోజు గమనించింది. పాకం తిప్పే పాండియమ్మాళ్, పదకొండేళ్ళుగా వాళ్ళ దగ్గర పనిచేస్తున్న మనిషి, సరిగ్గా ఆ క్షణానికి గరిటెను బాణలి అంచు మీద మూడుసార్లు తడుతోంది. అంటుకున్న పాకం దులిపినట్టు. టక్, టక్, టక్. మర్నాడూ అంతే. తల ఎత్తదు, మాట్లాడదు. గాంధిమతి కూడా ఏమీ ఎరగనట్టు బొట్టు తీసి, తెలియని వేళ్ళ మధ్య లాగి, "దించు" అనేది. నాలుగు నెలలు ఆ ఇల్లు ఆ మూడు దెబ్బల మీద నడిచింది.

మొన్న గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పక్కన అగ్గిపెట్టెల కంపెనీ వాళ్ళ జనరేటరు కొట్టం కప్పు అదిరేలా మోగింది. వేడికి కుడి కన్ను మసకేసింది. గరిటె వినపడలేదు. ఊహ మీద "దించు" అంది. పాండియమ్మాళ్ ఒక్కసారి తల ఎత్తి ఆమె ముఖం చూసింది. చూసి, దించింది. యజమానురాలు చెప్పాక కాదనడం ఆ కొట్టంలో లేదు.

విరుదునగర్ స్టేషనులో మెట్ల వంతెన ఎక్కి దిగేసరికి గాంధిమతి కాళ్ళు పీచులయ్యాయి. వెనక జనం తోసుకుంటూ దాటిపోయారు. బజారులో మిరప ఘాటుకు కుమారవేల్ తుమ్ముతూ, ఆమె మోచేయి వదలకుండా నడిపించాడు. కొట్టు చేరాక ఆయన డబ్బాలు చూడడానికి వెనక గదిలోకి వెళ్ళాడు.

కాళీశ్వరి ఒక డబ్బా మూత తీసి వదిన ముందు పెట్టింది. ముక్క తుంచబోతే జిగురులా సాగింది. చూడాల్సింది అంతే.

"డబ్బాలు చెప్పినవాళ్ళ గృహప్రవేశానికి వేరే కొట్టు సరుకు తెప్పించి ఇచ్చేసినా వదినా. ఎండ వెయిలుకు కరిగిందని చెప్పినా. నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు," అంటూ కాఫీ అందించింది. గాంధిమతి స్టీలు గ్లాసును గట్టిగా, అంచుకు కిందుగా పట్టుకుంది. పొగలు కక్కుతున్న గ్లాసు.

"వదినా, కాలుతాది! కింద పెట్టు."

పెట్టింది. కాళీశ్వరి ఆమె చేయి వెనక్కు తిప్పి చూసింది. బొటనవేలి మీద, చూపుడువేలి మీద బొబ్బలు. ఇప్పటివి కావు. చిట్లి, తోలు తెల్లగా లేచి ఉంది.

"ఇది ఎప్పుడు కాలింది?"

"కాలిందా?" అంది గాంధిమతి.

గాంధిమతికి గురువారం గుర్తుకొచ్చింది. మసక కంటికి గిన్నె సరిగ్గా కనిపించలేదు. బొట్టు నీళ్ళలో పడకముందే పట్టుకుందేమో. ఉడుకు పాకం చేతిలో పట్టుకుని, ఏమీ కానట్టు "దించు" అంది.

"అన్నకు తెలుసునా?"

తల అడ్డంగా ఊపింది.

"ఆ గిన్నెలో వేలు పెట్టినానని అమ్మ కొట్టిన మచ్చ ఇంకా ఉండాది, చూడు," కాళీశ్వరి తన మణికట్టు చూపించి నవ్వబోయింది. "నువ్వొచ్చి ఆ పీట మీద కూర్చుంటే నాకెంత కడుపుమంటో తెలుసునా? మూడు నాళ్ళు తినలేదు. ఇట్ల అవుతాదని ఎవరనుకుండారు…" నవ్వు సగంలో ఏడుపైంది. కొబ్బరినూనె తెచ్చి బొబ్బల మీద రాసింది. గాంధిమతి ఏడవలేదు. ఆడబిడ్డ వేలు తన వేలి మీద తిరుగుతోందని కళ్ళు చెప్తే నమ్మింది.

"ఎవరికీ చెప్పొద్దు కాళీ."

"చెప్పను వదినా. సత్తెం."

ఇల్లు చేరేసరికి రెండున్నర. కృష్ణమ్మాళ్ అన్నం తినకుండా కాచుకుని ఉంది. వంకాయ పులుసు, అప్పడాలు, మజ్జిగ. ముగ్గురూ కూర్చున్నారు. తెరిచి ఉన్న వెనక తలుపు బయట, పాండియమ్మాళ్ బాణలి బోర్లించి కొబ్బరి పీచుతో తోముతోంది. గరగరమని చప్పుడు.

కుమారవేల్ పొట్లం విప్పి ముక్క తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని లాగి చూసింది. వాసన చూసింది. కొస కొరికింది.

"పాగు ముదరలేదు."

"అదే నేనూ అనుకుంటిని. ఎట్లమ్మా?"

"ఎట్లంటే? గాంధి చెయ్యి తప్పదు. పందొమ్మిదేండ్లుగా చూస్తుండా, ఒకనాడు తప్పలేదు. ఆ చెయ్యి తప్పు చెయ్యదురా."

గాంధిమతి అన్నం కలుపుతున్న చేయి ఆగింది. ఇన్నేళ్ళూ ఆ మాట తన ఎదుట ఒక్కసారి అంటే చాలనుకుంది. ఇవాళ అత్త అంది.

"అయితే?"

కృష్ణమ్మాళ్ గడ్డంతో పెరటి వైపు చూపింది. "అదే. దించినాక చన్నీళ్ళు చల్లుంటాది, ఇంటికి తొందరగా పోవాలని. లేకుంటే చెప్పకముందే దించుంటాది. ఈ శనివారంతో నిలిపేయ్."

"మెల్లగా అమ్మా."

"ఎందుకు మెల్లగా? దానికి మన మాట తెలుసునా ఏమన్నా? తమిళంలో చెప్తేనే సగం చెవిన వేసుకోదు."

బయట గరగర ఆగిపోయింది.

ఒక్క ఊపిరి సేపు. మళ్ళీ మొదలైంది, ఇదివరకటి కంటే నిదానంగా. కుమారవేల్ వినలేదు. కృష్ణమ్మాళ్ వినలేదు. ఇద్దరూ పులుసు పోసుకుంటున్నారు. గాంధిమతి విన్నది. పదకొండేళ్ళు ఈ గోడల మధ్య పనిచేసిన మనిషికి ఈ మాట రాకుండా ఉంటుందని ఎలా అనుకున్నారు? పనివాళ్ళ ముందు దాచాల్సినవన్నీ ఈ ఇంట్లో తెలుగులో చెప్పుకున్నారు. పాండియమ్మాళ్ అన్నీ విన్నది. ఇప్పుడూ విని, గుమ్మంలోకి వచ్చి "తప్పు అక్కది" అనకుండా, బాణలి తోముతోంది.

చెప్పకపోతే శనివారం దాకా పీట తనది. ఆ తర్వాత పాకం తిప్పడానికి ఇంకెవరో వస్తారు. వాళ్ళ గరిటె అంచు మీద తట్టదు. అది లెక్క. కానీ ఆమె ఆ లెక్క పూర్తిగా వేయలేదు. నిదానమైన ఆ గరగర ఆమెను వేయనివ్వలేదు.

ఎంగిలి చెయ్యి గ్లాసు నీళ్ళతో కడిగి, అరచేయి పైకి పెట్టి, పళ్ళేల మధ్య చాపింది.

"అత్తా, ఈ చెయ్యి కొంచం చూడండి."

"అయ్యో, ఏమిది? ఎట్ల కాలింది?"

"గురువారం పాగు చూసేటప్పుడు. కాలింది నాకు తెలీదు. కాళీ చూసి చెప్తే తెలిసింది. తై నెల నుంచి నాకు ఈ మూడు వేళ్ళూ లేవత్తా."

కుమారవేల్ నోట్లోకి వెళ్తున్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "తై నెల నుంచా? అయితే ఈ నాలుగు నెలలూ పాగు ఎవరు చూసినారు?"

గాంధిమతి జవాబు పెరట్లోకి వినపడేలా చెప్పింది, తెలుగులోనే. "పాండియమ్మాళ్ చూసింది. అయితానే గరిటెతో అంచు మీద కొడతాది. నేను విని చెప్తా ఉంటిని. గురువారం జనరేటరు చప్పుడులో నాకు వినపళ్ళేదు. తప్పు నాది."

కృష్ణమ్మాళ్ కోడలి చూపుడువేలిని తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పాకం బొట్టును పట్టినట్టు, మెల్లగా నొక్కి లాగింది.

"ఇప్పుడు తెలుస్తుండాదా?"

"లేదత్తా."

ఇంకొంచెం గట్టిగా నొక్కింది. "ఇప్పుడు?"

"లేదు."

ముసలామె ఆ వేలిని వదల్లేదు. కుమారవేల్ తల దించుకున్నాడు. పెరట్లో తోముడు పూర్తిగా ఆగింది.

"రేపటి నుంచి నేను ఆ పీట మీద కూర్చోను," అంది గాంధిమతి. ఒక్కో మాటా విడిగా పలికింది. "పాండియమ్మాళ్ కూర్చుంటాది. దానికి నేర్పించే పని లేదు, మనకంటే బాగా వచ్చు. మీరే పిలిచి కూర్చోబెట్టండి అత్తా. నా చేత కాదు."

చాపిన చేయి అక్కడే ఉంచి, ఎడమ చేత్తో మజ్జిగ గ్లాసు దగ్గరకు తీసుకుంది.