కోవా గుడికి కిటికీలు

1986 ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. రేపల్లె క్రైస్తవుల గుడి ఆవరణలో కోతపండుగ ప్రేమవిందులో వరప్రసాదం తిన్నది ఇదీ: గోంగూర పప్పు, చేపలమ్మే సుబ్బమ్మ బుట్టలోంచి వచ్చిన చేపల పులుసు, మారు వడ్డించుకున్న అన్నం, గడ్డ పెరుగు, ఆఖరున ఒక గుడి. గుడంటే నిజంగా గుడే. గోడలూ కిటికీలూ, పైన సిలువా ఉన్న పాలకోవా గుడి. దాన్ని వేలంలో పాడుకున్నదీ అతనే, కోసి అందరికీ పంచిపెట్టిందీ అతనే. చీకటి పడకముందే వాళ్ళందరూ వాంతులు చేసుకుంటూ ఆసుపత్రికి చేరారు.

వరప్రసాదం తెనాలి కాలేజీలో జువాలజీ చెప్తాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. హోటలు క్యారియరు భోజనానికి అలవాటు పడిపోయి, సాంబారులో ఒక మునక్కాయ ముక్క ఎక్కువ పడినా దేవుడికి వందనాలు చెప్పుకునే మనిషి. అతని అక్క కృపమ్మ రేపల్లెలో ఉంటుంది. ఆ వీధిలోనే సరోజ అనే బడిపంతులమ్మ ఉంది. నలభై దాటినా పెళ్ళి మాట ఎత్తనివ్వని మనిషి. కృపమ్మ ఇద్దరి మధ్యా రాయబారం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ, వరప్రసాదానికి అక్క మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చి ప్రతి ఆదివారం పాసింజరు ఎక్కుతున్నాడు. చివరికి సరోజ, పండుగ సాయంత్రం ఏ సంగతీ తేల్చి చెప్తానంది. ఆమె పండక్కి కోవా కానుకగా ఇస్తోందనీ, బుర్రుంటే అది నువ్వే పాడుకోమనీ కృపమ్మ తమ్ముడికి ముందే చెప్పి ఉంచింది.

కోతపండక్కి ఎవరి పంట వాళ్ళు తెస్తారు. ధాన్యం, గుమ్మడికాయలు, కొల్లూరు లంకల అరటిగెలలు, కోళ్ళు. ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నది వెంటనే సంచిలో వేసుకుంటే పిసినారి కింద లెక్క. తిరిగి దేవుడికే ఇచ్చేయాలి, దాని మీద మళ్ళీ పాట పెట్టాలి. ఒక్కో పుంజు పందిరంతా చేతులు మారి, తను ఎవరిదో తెలియక బిక్కమొహం వేస్తుంది.

ఈ కానుకలకు పెద్ద జకరయ్య, కృపమ్మ మరిది. శనివారం సాయంత్రం సరోజ వేడివేడి కోవా గిన్నె ఇచ్చి వెళ్ళింది. గిన్నెలో ముద్దకి ఏం పాట వస్తుందని జకరయ్య దాన్ని ముందేసుకుని కూర్చుని గుడిగా మలిచాడు. గోడలకు బొటనవేలితో నొక్కి కిటికీలు పెట్టాడు. బుట్ట బోర్లించి, ఉక్కగా ఉండే కానుకల గదిలో తెల్లారేదాకా ఉంచాడు.

మర్నాడు వరప్రసాదం మొదటి పాటకే గుడిని దక్కించుకుని తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఒక మిల్లు గుమాస్తా పాడి తిరిగిచ్చాడు, ఒక కంపౌండరు పాడి తిరిగిచ్చాడు. గుడి ఎండలో ఊరేగుతూనే ఉంది. మధ్యలో భోజనాలు కూడా అయ్యాయి. ఆఖరి పాటలో వరప్రసాదం బియ్యం బస్తా ధర దాటించేసరికి అంతా చప్పట్లు కొట్టారు. సరోజ తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వుతో అతనికి ఒళ్ళు తెలియలేదు. తిరిగివ్వాల్సింది పోయి, చాకు అడిగి పుచ్చుకున్నాడు. పిల్లలు కిటికీల కోసం కొట్టుకున్నారు. పాస్టరుగారికి సింహద్వారం దక్కింది. సిలువను తినడం తప్పని కృపమ్మ దాన్ని మాత్రం కాగితంలో చుట్టి దాచింది.

ఆసుపత్రిలో, ఒక వాంతికీ ఇంకో వాంతికీ మధ్య, వరప్రసాదంలోని లెక్చరరు నిద్ర లేచాడు. కలరా కాదు, బియ్యం కడుగు లాంటి విరేచనాలు ఎవరికీ లేవు. జిగటా రక్తమూ లేవు కాబట్టి బంక విరేచనాలూ కాదు. టైఫాయిడ్ అయితే వారం దాటితే గాని బయటపడదు. సాల్మొనెల్లా మామూలుగా మర్నాటిదాకా ఓపిక పడుతుంది, వచ్చేటప్పుడు జ్వరాన్ని తోడు తెచ్చుకుంటుంది. ఇక్కడ జ్వరాలు లేవు, భోజనం అరగకముందే అందరికీ కడుపులో దేవేసింది. అంటే క్రిమి కడుపులోకి వెళ్ళి పెరగలేదు. బయటే తీరిగ్గా పెరిగి, విషం వండి సిద్ధం చేసింది. ఇదంతా పక్క మంచం మీది పాస్టరుగారికి చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి అటు తిరిగారు. డాక్టరు మాత్రం విని, తనూ అదే అనుకుంటున్నానని చెప్పి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగించాడు. తెల్లారేసరికి అందరూ లేచి కూర్చుని ఇడ్లీ పెడతారా అని అడుగుతున్నారు.

అప్పుడొచ్చింది సుబ్బమ్మ, నెత్తిన ఖాళీ బుట్టతో. పులుసే కొంప ముంచిందన్న మాట ఆమె చెవిన పడింది.

"నా చేప తిని బజారంతా హాయిగా పడుకుందయ్యా. పాస్టరమ్మగారు మారు వేయించుకున్నారు, అడగండి. షుగరని ఆవిడ మానేసింది ఆ కోవా ఒక్కటే."

పాస్టరమ్మగారు ఆరోగ్యంగా తల ఊపారు. అందరి చూపులూ ఆడవాళ్ళ వైపు, సరోజ మంచం మీదికి తిరిగాయి.

నేరం చేప మీదే ఉండనిమ్మని కృపమ్మ తమ్ముడి చెవిలో గొణిగింది. సుబ్బమ్మ గట్టిదట, తట్టుకుంటుందట.

"ఆవిడ బుట్ట మళ్ళీ ఎవరు దింపించుకుంటారక్కా?" అన్నాడు వరప్రసాదం.

కాసేపటికి సరోజ దగ్గర్నుంచి కబురొచ్చింది. తన చేతి వంటతో ఊరంతా మంచం పట్టింది కాబట్టి ఇంకొకరి ఇంటి పొయ్యి ముట్టించే ఉద్దేశం లేదనీ, బాపట్లకు బదిలీ అడిగి వెళ్ళిపోతాననీ. వరప్రసాదం ఇడ్లీ సంగతే మర్చిపోయాడు.

ఎదురు మంచం మీద జకరయ్య లేచి కూర్చున్నాడు. అతని బొటనవేలికి టోపీలాగా ఒక నిమ్మకాయ ఉంది.

"ఏంటి బావా అది?"

"గోరుచుట్టు. చీము పట్టి వారంగా సలుపుతోంది. నిమ్మకాయ తొడిగితే చల్లగా ఉంటుంది."

"నిన్న లేదే?"

"శనివారమే తీసేశా. నిమ్మకాయతో కిటికీలు ఎట్టా పెడతాను?"

వార్డంతా ఆ నిమ్మకాయ వైపు చూసింది. ముందు పాస్టరుగారు కడుపు పట్టుకున్నారు. మళ్ళీ వాంతేమోనని ఆయా బేసిను పట్టుకుని పరిగెత్తింది. ఆయన నవ్వుతున్నారు. అది మంచం నుంచి మంచానికి అంటుకుంది. జకరయ్య ఒక్కడే నవ్వలేక, ఆ వేలును దుప్పట్లో దాచుకున్నాడు. వరప్రసాదం వెళ్ళి పక్కన కూర్చుని, ఆ కిటికీలు అందంగా ఉండబట్టే కదా అంత పాట వచ్చిందన్నాడు.

సరోజ మాత్రం నమ్మలేదు. లెక్చరరుగారు మంచివారు, నా కోసం అలా అంటున్నారు అంది. దాంతో అతను కృపమ్మ దాచిన సిలువను, జకరయ్య వేలి చీమును చెరో సీసాలో పెట్టుకుని తెనాలి బండెక్కాడు.

ఆ శనివారం కృపమ్మ సరోజను కాలేజీ లాబ్‌కి లాక్కొచ్చింది. వరప్రసాదం మైక్రోస్కోపు కింద ఒక స్లైడు పెట్టాడు, తర్వాత రెండోది. సరోజ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది.

"రెంటిలోనూ ద్రాక్షగుత్తులే ఉన్నాయండి."

వాటి పేరు స్టెఫిలోకోకస్ అన్నాడతను. పాలు అంతసేపు కాచాక ఇవి బతకవని, చల్లారాక ఎక్కి కూర్చున్నాయని, తర్వాత ఎంత మరిగించినా ఇవి చస్తాయి గాని ఇవి వండిన విషం చావదని చెప్పుకుపోయాడు. పెళ్ళి అడగాల్సిన మనిషితో మాట్లాడే మాటలు ఇవి కావని తెలుస్తూనే ఉంది, నోరు ఆగలేదు.

"అయితే నా చేతిది కాదన్నమాట," అంది సరోజ కన్ను తియ్యకుండానే.

"మీ చేతిది కోవా ఒక్కటేనండి. అది చాలా బాగుంది. వాంతికి ముందు."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అతను భయపడ్డాడు. నవ్వుతోంది.

"బాపట్ల అర్జీ ఇంకా హెడ్మాస్టరుగారి దగ్గరే ఉందండి," అంది. "ఊరి పేరు కొట్టేసి తెనాలి అని రాయొచ్చేమో."

కృపమ్మ సంతోషం పట్టలేక, పక్కనున్న అస్థిపంజరం చెయ్యి పట్టుకుని ఊపేసింది.

మేలో పెళ్ళయింది. వరప్రసాదం అందరూ వద్దంటున్నా పాతదొక ఫ్రిజ్ కొన్నాడు. కాపురం పెట్టిన మొదటి ఆదివారం సరోజ కోవా చేసింది. చూడ్డానికొచ్చిన జకరయ్య, వేలు మానిపోయిందని అందరికీ చూపించి, ఒక్క కిటికీ పెడతానని బతిమాలాడు. సరోజ సబ్బు చూపించింది. బుద్ధిగా కడుక్కుని వచ్చాక కూడా, చేతికి చెంచానే ఇచ్చింది.

అతన్ని ఆఖరి బండి ఎక్కించి వరప్రసాదం వచ్చేసరికి ఆమె మిగిలిన కోవా మీద మూత పెడుతోంది. దాన్ని ఫ్రిజ్‌లో సర్ది, లోపలి చిన్న దీపం వంక ఒక్క క్షణం చూసి, చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు మూసింది.