లాయరు గారి కంచె

ముప్ఫై ఏడో బద్దకి మేకు దింపుతుండగా సుత్తి మళ్ళీ జారింది. గ్రిఫ్ వంగి దాన్ని మంచులోంచి తీసుకున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళకి పట్టు పోయి ఏడాది కావస్తోంది. ఆ సంగతి పెళ్ళాం నెస్టకి తప్ప ఎవరికీ తెలియదు.

తొమ్మిదైనా కాలేదు, వీధి నిండా జనం. రెండు బ్యాండు మేళాలు చెరో మూలా చెరో పాట వాయిస్తున్నాయి. ఇవాళ మధ్యాహ్నం రైలుకి కాల్విక్ లాయరు గారు ఇండియానా వదిలి వాషింగ్టన్ వెళ్ళిపోతారు. ఈ వారంలోనే దేశానికి అధ్యక్షుడవుతారు. ఊరికి మాత్రం ఆయన ఇంకా లాయరు గారే.

ఆయన ఎక్కడికీ తిరగకుండా ఇంటి వరండాలోనే నిలబడి ఎన్నిక గెలిచాడు. దేశమే రైళ్ళెక్కి ఆయన దగ్గరికి వచ్చింది. వచ్చినవాళ్ళు ఉత్త చేతులతో పోలేదు. గుర్తుగా తలా ఒక కంచె బద్ద పీక్కుపోయారు. ఎండాకాలం నుంచీ గ్రిఫ్‌కి అదే పని. వాళ్ళు పీకుతారు, ఇతను కొడతాడు.

"ఇది లాయరు గారు పడుచుతనంలో తన చేత్తో చెక్కిన బద్దటే!" ఒక లావుపాటి పెద్దమనిషి బద్దని కోటులో దోపుకుంటూ భార్యకి చెబుతున్నాడు.

"నిన్న సాయంత్రం నేను కొట్టింది," అన్నాడు గ్రిఫ్.

"పోవయ్యా! నీకేం తెలుసు? పేపర్లోనే వేశారు."

గ్రిఫ్ ఇంకో బద్ద అందుకున్నాడు. కాలు ఒకచోట నిలవడం లేదు. రెండు మేకులు కొట్టడం, వరండా వైపు చూడడం. పొద్దున నెస్ట గుమ్మం దాకా వెంటబడి మరీ చెప్పింది.

"ఏమయ్యా, ఇవాళ తప్పితే ఇంక లేదు. పోస్టాఫీసులో పొయ్యిలు రాజేసే పని ఖాళీగా ఉంది. ఆయన ఒక్క మాటంటే అది నీదే. అడగందే అమ్మయినా పెట్టదు."

"చూద్దాం."

"చూద్దాం చూద్దాం అనే ఇరవయ్యారేళ్ళు చూశావు. ఆ వేళ్ళతో వచ్చే చలికాలం ఏం చేసి బతుకుతావు? దేవుడు నోరిచ్చాడు గదా, ఒక్కసారి వాడు."

అడగడానికి ఆయన కొత్తవాడేం కాదు. సమ్మె చేసి జైల్లో పడ్డ ఇరవై మంది గనివాళ్ళని కుర్ర లాయరుగా ఉన్నప్పుడు విడిపించాడు. ఫీజు పుచ్చుకోలేదు. ఆ ఇరవై మందిలో గ్రిఫ్ ఒకడు. ఊరికే ఉండలేక ఆయన ఇంటికి కంచె వేసిచ్చాడు, అప్పట్నుంచీ ఆ ఇంటి పనులన్నీ ఇతనివే. ఆ తర్వాత ఆయన వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభకి వెళ్ళాడు, ఒకసారి ఓడాడు, మళ్ళీ గెలిచాడు, గవర్నరయ్యాడు. గవర్నరైన రెండో ఏడు అదే గనిలో మళ్ళీ సమ్మె. ఈసారి ఆయన సైన్యాన్ని పంపాడు. నెస్ట ఎత్తుకు పెంచిన తమ్ముడు డై, గని ముందర గుండు తగిలి పోయాడు. పూడ్చిన మర్నాడు కూడా గ్రిఫ్ ఇక్కడికి వచ్చి గేటుకి రంగు వేశాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఉన్నది ఇద్దరే.

పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది. జనం ఒక్కసారిగా అరిచారు. ఆయన బండి ఎక్కబోయి ఆగి, కంచె వెంట నడిచొచ్చాడు. మనిషి బాగా లావెక్కాడు. కళ్ళ కింద నలుపు. చేతితొడుగు లాగి, అప్పుడే కొట్టిన బద్దకి తగిలించి, చెయ్యి చాపాడు.

"ఏం గ్రిఫ్, ఈ కంచె ఇవాళైనా పూర్తవుతుందా?"

"మీరు వెళ్తే అవుతుంది."

ఆయన పెద్దగా నవ్వాడు. చెయ్యి వదల్లేదు. "ఊళ్ళో అందరూ ఏదో ఒకటి అడిగారు. నువ్వొక్కడివే మిగిలావు. చెప్పు, నీకేం కావాలి?"

పోస్టాఫీసు గ్రిఫ్ నాలిక చివరే ఉంది.

"గని మీదికి సైన్యాన్ని పంపిన రాత్రి మీకు నిద్ర పట్టిందా, లాయరు గారూ?"

అన్నాక గాని, అన్నది తనేనని తెలియలేదు. బ్యాండు వాయిస్తూనే ఉంది. ఆయన నవ్వు ఎటూ పోలేక మొహం మీదే కాసేపు నిలబడి, ఆరిపోయింది.

"పట్టింది, గ్రిఫ్," అన్నాడు మెల్లిగా. "నీతో అబద్ధమాడను. బాగానే పట్టింది."

ఎవరో టైమైందని కేకేశారు. ఆయన చెయ్యి వదిలి బండెక్కాడు. జనమంతా బండి వెనక పరుగెత్తారు.

రైలు కూత వినబడేసరికి వీధిలో గ్రిఫ్ ఒక్కడే ఉన్నాడు. నెస్ట గిన్నెకి గుడ్డ చుట్టి సూపు తెచ్చింది. ఆయాసపడుతోంది.

"అడిగావా?"

"అడిగాను. పోస్టాఫీసు సంగతి కాదు."

"మరేంటి?"

చెప్పాడు. ఆయన చెప్పిన జవాబూ చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె తలగుడ్డ ముడి విప్పింది, కట్టింది, మళ్ళీ విప్పింది.

"డై పేరు చెప్పావా?"

"లేదు."

"చెప్పాల్సిందయ్యా," అంది. ఇంకాసేపటికి, "తాగు, చల్లారిపోతోంది," అంది.

కొత్త బద్ద మీద లాయరు గారి చేతితొడుగు అలాగే ఉండిపోయింది. ఇద్దరూ దాన్ని చూశారు, ఎవరూ ముట్టుకోలేదు. చలికి బిగిసిన దాని వేళ్ళు ఇంకా ఎవరి చెయ్యో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.