వెనక చక్రాల కింద వెలుతురు

సాయంత్రం నాలుగైతే ఆ ఎడారి శిబిరంలో కుర్చీలన్నీ దారివైపు తిరుగుతాయి. వంటగదీ పడకా లోపలే ఉన్న ఇంటిబండ్లు కొత్తవి వచ్చే వేళ అది. మొగుడు స్టీరింగు దగ్గర, పెళ్లాం బయట. ఆవిడ చేతులూపుతుంది, అతను ఇంకో వైపు పోనిస్తాడు, ఆపైన ఆవిణ్ణి తిడతాడు. చలికాలమంతా వెతికినా ఆరిజోనాలో దీన్ని మించిన వినోదం దొరకదు.

థర్మన్ గాస్కిల్ కూడా కుర్చీ వేసుకునే కూర్చున్నాడు. నవ్వడానికి కాదు. నవ్వే అలవాటు అతనికి ముందునుంచీ తక్కువ, పోయినేడాది నుంచి బొత్తిగా లేదు. నెబ్రాస్కాలో నలభయ్యేళ్లు ట్రాక్టర్లు బాగుచేశాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాడు. మనుషుల్ని తెలుసుకోవడానికి ఆ చదువే ఎక్కువని అతని అభిప్రాయం.

పొద్దున్నే వచ్చి తన బండి తనే నిలబెట్టుకున్నాడు. లోపల నేలమీద రసమట్టం పెట్టి బుడగ ఎటు పోతోందో చూశాడు. పల్లంవైపు చక్రాల కింద పలకలు వేసి బండిని ఎక్కించాడు. ముందు చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టాడు. ఆ తర్వాతే జాకీలు దించాడు. బండి పక్కలోంచి సొరుగులా బయటికి జరిగే గదిని మాత్రం ముట్టుకోలేదు. అది తెరవాలంటే లోపల ఒకరు మీట నొక్కాలి, బయట ఒకరు నిలబడి చెట్టూ స్తంభమూ తగలకుండా చూడాలి. భార్య వెల్డా పోయాక బయట నిలబడే మనిషి లేదు. వంటగది సొరుగు అప్పట్నుంచీ మూసే ఉంది. స్టవ్వుకీ సోఫాకీ మధ్య అతను పీతలా పక్కకి తిరిగి నడుస్తాడు.

"అదుగో, నీ చుట్టం వస్తున్నాడు" అంది పక్క కుర్చీలోని డాటీ. డెబ్బై అయిదేళ్ల మనిషి. బండి నిలబెట్టే ప్రతివాడికీ పదికి ఇన్నని మార్కులు వేయడం ఆవిడ పని. "క్లిఫర్డ్ వీన్. ఈసారి ఇంకా పెద్దది కొన్నట్టున్నాడు."

థర్మన్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

పోయిన జనవరిలో తెల్లవారుతుండగా వెల్డాకు గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సు శిబిరం దాకా వచ్చి దారి మలుపులో ఆగిపోయింది. మలుపులో ఉన్నది క్లిఫర్డ్ బండి. ముందు రోజు మట్టం చూడకుండానే సొరుగుగది తెరిచేశాడు. బండి చట్రం మెలిపడి గది దారికి అడ్డంగా బిగుసుకుపోయింది. బయటికీ రాదు, లోపలికీ పోదు. అంబులెన్సు కూత పెడుతుంటే క్లిఫర్డ్ పైజామాలో నిలబడి మీట నొక్కుతూనే ఉన్నాడు. వెల్డాను మోసుకుపోయారు. నూట ఇరవై రెండు అడుగులు. థర్మన్ తర్వాత నడిచి లెక్కపెట్టాడు. స్ట్రెచరు మీద ఆవిడ, "స్టవ్వు ఆపావా?" అని అడిగింది. మళ్లీ మాట్లాడలేదు.

ఆ కొద్ది నిమిషాల వల్ల తేడా ఏమీ లేదన్నాడు డాక్టరు. తేడా లేకపోతే అంబులెన్సుకు ఆ కూత ఎందుకని థర్మన్ అడిగాడు. క్లిఫర్డ్ పావురం బొమ్మ ఉన్న కార్డొకటి పంపాడు. లోపల అచ్చేసిన పద్యం, దాని కింద సంతకం. థర్మన్ దాన్ని పొయ్యి అంటించడానికి వాడుకున్నాడు.

నలభై అడుగుల బండి వచ్చి సరిగ్గా పక్క జాగాలోనే ఆగింది. క్లిఫర్డ్ కిటికీలోంచి చెయ్యూపాడు.

"ఏమోయ్ థర్మన్! మళ్లీ ఇరుగుపొరుగైపోయామే!"

థర్మన్ కప్పులో మిగిలిన కాఫీ ఇసుకలో పారబోశాడు.

"చూశావా బండి? నాలుగు సొరుగుగదులు! అన్నీ తెరిస్తే లోపల డాన్సు చెయ్యొచ్చు. పలకలూ దిమ్మలూ ఆ పాత గోలేమీ లేదు. ఒక్క మీట. మట్టం అదే చూసుకుంటుంది, గదులూ అవే తెరుచుకుంటాయి."

"మరి నువ్వేం చేస్తావు?" అంది డాటీ.

"మీట నొక్కుతా!"

"పాపం, ఎంత కష్టం" అంది డాటీ. నవ్వు దాచడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు కూడా.

థర్మన్ నేల చూశాడు. ఆ జాగా వెనకవైపుకు, ఎండిన వాగు గట్టువైపుకు వాలి ఉంది. జానెడు పల్లం. బతుకంతా ఇళ్ల నేలలకు పరిచే టైల్సు అమ్మిన క్లిఫర్డ్‌కు కాళ్లకింది వాలు కనబడలేదు. వెనక చక్రాల కింద పలకలు వెయ్యకుండా ఆ పల్లాన్ని జాకీలతోనే ఎత్తితే చక్రాలు గాల్లోకి లేస్తాయి. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది ఆ వెనక చక్రాలనే. గాల్లో ఉన్న చక్రాన్ని బ్రేకు పట్టుకుని లాభమేమిటి? ముందు చక్రాలకు దిమ్మలూ పెట్టలేదు. ఇక ఆ పద్దెనిమిది టన్నులను ఆపేది జాకీల సన్నకాళ్లు మాత్రమే.

చెప్పొచ్చు. నాలుగు మాటలు చాలు. చెప్పబుద్ధి కాలేదు. జారనీ. వంగనీ. కుర్చీల్లో వాళ్లందరూ చూస్తుండగా ఆ నాలుగు గదుల గొప్ప గట్టుకు గుద్దుకోనీ. ఏడాదిగా థర్మన్‌కు ఏదైనా కావాలనిపించడం అదే మొదలు.

అప్పుడు మార్లిస్ దిగింది. క్లిఫర్డ్ భార్య. ఆకుపచ్చ స్వెట్టరు, చేతిలో వాకీటాకీ. నెమ్మదిగా నడిచి బండి వెనక్కి వెళ్లి, బండికీ గట్టుకీ మధ్య, ముళ్ల మెస్కీట్ చెట్టు పక్కన నిలబడింది.

"అక్కడే ఉండు మారీ! కొమ్మ తగులుతుందేమో చూసి చెప్పు" అంది వాకీటాకీ, క్లిఫర్డ్ గొంతుతో.

"చూస్తున్నానండీ" అంది ఆవిడ.

మోటారు మూలిగింది. జాకీలు దిగాయి. వెనక భాగం లేవసాగింది, నిండుకడుపుతో గేదె లేచినట్టు. కుర్చీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. థర్మన్ చూపు చక్రాల మీదే ఉంది. టైరుకూ ఇసుకకూ మధ్య సన్నటి గీతలా వెలుతురు కనబడింది. ఆ గీత వేలెడయింది. ఆ సందులోంచి అటుపక్క మార్లిస్ చెప్పులు కనిపించాయి.

"మార్లిస్! పక్కకి రా!" అని అరిచాడు.

ఆవిడ కొంచెం ఆగమన్నట్టు చెయ్యి చూపించి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "ఏవండీ, థర్మన్ గారు పక్కకి రమ్మంటున్నారు. రానా?"

"అతనికేం తెలుసు? నువ్వక్కడే ఉండు. కొమ్మ సంగతి చెప్పు!"

"కొమ్మ బాగానే ఉంది" అంది ఆవిడ, ఉన్నచోటే ఉండి.

థర్మన్ లేచాడు. కుడి మోకాలు అరిగిపోయి రెండేళ్లయింది. పరుగెత్తాడు. అది పరుగని చూసినవాళ్లు ఎవరూ ఒప్పుకోరు. ఆవిడ మోచెయ్యి దొరికింది. గుమ్మం దాటనని మొరాయించే మేకను లాగినట్టు లాగాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు.

పైన ఇనుము కీచుమంది. జాకీలు ఒకటి తర్వాత ఒకటి పక్కకి మడుచుకున్నాయి. ఇంటిబండి నింపాదిగా వెనక్కి జారి, మెస్కీట్‌ను విరుచుకుంటూ పోయి గట్టుకు ఆనుకుంది. మార్లిస్ నిలబడినచోట ఇప్పుడు వెనక బంపరు ఉంది.

కుర్చీల్లోవాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. డాటీ కూడా.

తలుపు తెరుచుకుని క్లిఫర్డ్ దిగాడు. ముందు బంపరు చూశాడు. తర్వాత భార్యను చూశాడు.

"అక్కడే ఉండమన్నానా? కొమ్మ బాగానే ఉందన్నావు!"

మార్లిస్ స్వెట్టరుకు అంటిన ఇసుక దులుపుకుంది. చేతిలోని వాకీటాకీని ఒకసారి చూసి విరిగిన చెట్టు మొదట్లోకి విసిరేసింది.

"కొమ్మ బాగానే ఉంది. నేనక్కడే ఉంటే చచ్చేదాన్ని. కళ్లు కనిపిస్తున్నాయా నీకు?"

క్లిఫర్డ్ బంపరు వైపూ ఇసుకలో ఆవిడ పడిన గుంట వైపూ మార్చి మార్చి చూశాడు. "ఈ జాగా మంచిది కాదు" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. "సున్నా" అంది డాటీ పెద్దగా, ఎటో చూస్తూ.

సోమవారం దాకా ఎత్తే బండి రాదని ఆఫీసులో చెప్పారు. వంకర బండిలో సొరుగుగదులు తెరవడానికి లేదు. నాలుగు గదులూ మూసుకునే ఉన్నాయి. డాన్సు సంగతి సరే, లోపల ఇద్దరూ ఒకరినొకరు దాటాలన్నా పక్కకి తిరగాలి.

పొద్దు వాలుతుండగా థర్మన్ తన దిమ్మలు రెండూ తీసుకుని వచ్చాడు. అంచులకు పసుపు రంగు ఉంది. కాలికి తగిలి పడిపోతున్నావంటూ వెల్డా వేసిన రంగు. తన బండి చక్రాలకు అంతకుముందే రాళ్లు పెట్టి వచ్చాడు. క్లిఫర్డ్ బండి ముందు చక్రాల వెనక దిమ్మలను ఇరికించి సుత్తితో బిగించాడు. క్లిఫర్డ్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"థర్మన్, నీకెలా చెప్పాలో తెలియడం లేదు... పోయినేడు నీకు జరిగింది, ఇవాళ నువ్వు చేసింది..." చెయ్యి చాపాడు.

థర్మన్ సుత్తి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. క్లిఫర్డ్ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"నీకోసం పెట్టలేదు. ఆవిడ లోపలే కదా పడుకునేది."

"అంటే మన మధ్య ఇంకా..."

"ఉంది. పోదు." వంగి దిమ్మను ఇంకోసారి కదిపి చూశాడు. కదల్లేదు. "సోమవారం వెళ్లేటప్పుడు ఇవి నువ్వు తేవద్దు. మార్లిస్‌తో పంపు."