నల్లబడ్డ మట్టెలు

పుప్పాలగూడలో కిరాయి గది. పొద్దున్నే భూలక్ష్మి కాళ్లు చాపుకుని మట్టెలను విభూతితో రుద్దుతోంది. మొన్ననే తోమింది, మళ్లీ మసి పట్టినట్టు నల్లబడ్డాయి.

"మట్టెలు గిట్ల నల్లవడ్తే మొగునికి మంచిది కాదంటరు బిడ్డా."

"నాకేమైతది? గదంత నీ ఒంట్ల వేడి," అన్నాడు ఎల్లేశం, ఆటో తుడిచే గుడ్డ వెతుక్కుంటూ. "నన్ను ముందే సాగనంపకు."

కూతురు రోహిణి నవ్వలేదు. "తల నొస్తుందా అమ్మా?"

"పొయ్యి ముట్టిచ్చినప్పుడల్లా. కండ్లు గుడ మండుతయి."

భూలక్ష్మి హైటెక్ సిటీలో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. అక్కడ మిగిలిన తిండి నుంచి గ్యాస్ తీసి ఆ పొయ్యిలకే పంపే కంపెనీలో రోహిణి కెమిస్టు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఆ క్యాంటీన్ వంటింట్లో ఉన్నది తన తల్లేనని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

ఆ గ్యాస్‌లో కుళ్లిన గుడ్డు వాసన కొట్టే, వెండిని నల్లబరిచే విషవాయువు కలిసి ఉంటుంది. బొగ్గు గుళికలకు మందు పూత పూసి, గ్యాస్ సాగే దారిలోని డ్రమ్ములో నింపితే అవి దాన్ని పట్టేసుకుంటాయి. పూత పని రోహిణిదే. ఈసారి ఆమె పైఅధికారి ఉదయ్ భాస్కర్ తొందరపడి పూత లేనివే నింపించాడు. చూపుకి రెండూ నల్లగానే ఉంటాయి. అప్పుడు ఆమె నోరెత్తలేదు.

ఇప్పుడు వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"సార్, గుళికలు మార్చాలి. విషవాయువు పొయ్యిల దాకా వస్తోంది. మా అమ్మ అక్కడే వంట చేస్తుంది. ఆమె వెండి మట్టెలు నల్లబడుతున్నాయి."

"అయ్యో, మీ అమ్మగారాండి? ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేంటండీ?" ఆయన వెంటనే క్యాంటీన్ మేనేజరుకు ఫోన్ చేశాడు. "అయిపోయిందండి. రేపట్నుంచి అమ్మగారికి పై అంతస్తులో టీ కౌంటరు. చల్లగా ఏసీలో."

"మరి గుళికలు సార్?"

"ప్లాంటు ఆపితే వచ్చే క్లయింట్లకి ఏం చూపిస్తామండి? తర్వాత చూద్దాం. మీ పని అయింది కదా."

నోటి దాకా వచ్చిన మాట ఒకటి. బయటికి వచ్చింది మాత్రం "థాంక్స్ సార్."

మళ్లీ తోమే పని లేకుండానే భూలక్ష్మి మట్టెలు తెల్లగా నిలిచాయి. ఎల్లేశానికి గండం తప్పిందని ఎల్లమ్మ తల్లికి కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చింది. క్లయింట్లు వచ్చారు, చూసి మెచ్చుకుని వెళ్లారు. గుళికల ఊసు ఎవరూ ఎత్తలేదు, రోహిణితో సహా.

ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ భూలక్ష్మి అంది, "నా పొయ్యి కాడికి రేఖ అని కొత్త పిల్ల వచ్చింది. మొన్ననే పెండ్లయింది. మట్టెలు నల్లవడ్డయని ఒకటే ఏడుపు, మొగునికేమైతదోనని. ఫికర్ చెయ్యకు, విభూతి పెట్టి రుద్దుమన్న."

రోహిణి తల వంచుకుని అన్నం కలిపింది.

"మంచిగ చెప్పినవ్," అంది.